ఎక్కించేది ఒకరు, వాడేది ఇంకొకరు

విండోస్ 10 గడువు ముగిసింది. పాత కంప్యూటర్లకు ఇక లినక్సే దిక్కంటున్నారు. కొత్తవాళ్ళ కోసమని తయారైన లినక్స్‌లు ఇరవై ఏళ్ళుగా ఉన్నాయి, తెలుగులో కూడా ఉన్నాయి. మరి వాడరేవు రోడ్డు మీది షాపుల్లో ఒక్కటైనా కనిపించదేం?

చీరాల నుంచి వాడరేవు పోయే రోడ్డులో ఏ జిరాక్స్ షాపులోకి తొంగిచూసినా సామాను ఇంచుమించు ఒకటే. కౌంటరు మీద లామినేషన్ మిషను, పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే కట్టరు, గోడ మీద ఆధార్, పాన్, ఈసీ, 1బీ అంటూ వరసగా ఎర్ర స్టిక్కర్లు. కంప్యూటర్ పక్కన కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరు. వేట నిషేధం రోజుల్లో భృతి కాగితాల కోసం మత్స్యకారులు, మిగతా రోజుల్లో అడంగల్ ప్రింటుకని బండి ఆపిన రైతులు, స్కాలర్‌షిప్పు అప్లికేషన్ పెట్టాల్సిన పిల్లలు. లోపల వేడెక్కుతుందని సీపీయూ పక్క రేకు తీసేసి ఉంటుంది. తెర మీద ఒక పెట్టె: ఈ పీసీకి విండోస్ 11 నడిపే అర్హత లేదు. ఫోను చేస్తే చీరాల నుంచి వచ్చిన కంప్యూటర్ కుర్రాడు ఆ పెట్టెను పూర్తిగా చదవకుండానే మూసేస్తాడు. "దీనికి పదకొండు ఎక్కదు బాబాయ్. ఫార్మాట్ కొట్టి మళ్ళీ పదే వేస్తా." "ఏదో ఒకటి వెయ్యి అబ్బాయ్, ప్రింటర్ మాత్రం పడాలి."

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 కావాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా ఉంటే చాలదు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి మొదలైనది కావాలి. 2017కు ముందు కొన్న కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఈ గీతకు అవతలే మిగిలిపోయాయి. ప్రపంచం మొత్తం మీద అలాంటివి 24 కోట్ల దాకా ఉండొచ్చని కెనాలిస్ అనే మార్కెట్ పరిశీలన సంస్థ 2023 చివర్లోనే అంచనా కట్టింది. అప్పటి నుంచి యూట్యూబ్‌లో ఎక్కడ చూసినా ఒకటే సలహా: మింట్ వేసుకోండి, ఉబుంటు వేసుకోండి, జోరిన్ వేసుకోండి. జోరిన్ తయారీదార్లు తమ 18వ వెర్షన్‌ను సరిగ్గా ఆ అక్టోబర్ 14వ తేదీనే విడుదల చేశారు కూడా.

సలహాలో తప్పు లేదు. ఈ లినక్స్‌లు నిజంగానే బాగున్నాయి, పదేళ్ళ నాటి కంప్యూటర్ మీదా నడుస్తాయి. పొరపాటల్లా సలహా ఎవరికి ఇస్తున్నారన్న దగ్గరే ఉంది. ఆ షాపు కంప్యూటర్‌లో ఏది ఉండాలో తేల్చింది దాని ముందు రోజూ కూర్చునే బాబాయి కాదు, బండి మీద వచ్చిన కుర్రాడు. కొత్తవాళ్ళకు తేలికైన లినక్స్ తయారుచేస్తున్న వాళ్ళు ఇరవై ఏళ్ళుగా బాబాయిని దృష్టిలో పెట్టుకుని పని చేశారు. కుర్రాడిని పట్టించుకున్న చోట లినక్స్ నిలిచింది, పట్టించుకోని చోట ఎంత ముచ్చటగా ఉన్నా నిలవలేదు. ఈ కథనం వాదన ఇదే.

కొత్తవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళు

1991లో ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసింది కెర్నెల్ మాత్రమే, అంటే కంప్యూటర్ లోపలి సామాన్లన్నిటి చేతా పని చేయించే భాగం. అదొక్కటీ ఎవరికీ పనికిరాదు. దానికి రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు, మెనూలూ కిటికీలూ ఉండే డెస్క్‌టాప్, బ్రౌజరు, ఆఫీసు సాఫ్ట్‌వేర్, డ్రైవర్లు, ఫాంట్లు చేర్చి, ఒకదానికొకటి అడ్డు రాకుండా సరిచూసి, ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేలా కట్టి ఇస్తే దాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. వాడేవాళ్ళ నోట్లో అది డిస్ట్రో. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ ఇప్పుడున్న చాలా డిస్ట్రోలకు పునాది. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ తెచ్చిన నాపిక్స్ హార్డ్‌డిస్కును ముట్టకుండా సీడీ నుంచే నడిచేది. లినక్స్ అంటే ఉన్న భయం కాస్త తగ్గింది దానితోనే. 2004 అక్టోబర్‌లో మార్క్ షటిల్‌వర్త్ అనే వ్యాపారవేత్త డబ్బుతో ఉబుంటు వచ్చింది. అడిగినవాళ్ళకల్లా, ఏ దేశంలో ఉన్నా, పోస్టులో ఉచితంగా సీడీలు పంపేవారు, 2011లో ఆపేశారు.

వీటిలో గమనించాల్సింది లినక్స్ మింట్. 2006 ఆగస్టులో దీని మొదటి వెర్షన్ 'ఆడా' విడుదల చేసిన క్లెమెంట్ లెఫెవ్ర ఐర్లండ్‌లో స్థిరపడ్డ ఫ్రెంచివాడు. ఉబుంటును పునాదిగా తీసుకుని, పాటలూ వీడియోలూ ఆడటానికి కావలసిన కోడెక్‌లను ముందే చేర్చి ఇచ్చాడు. లైసెన్సు నియమాల పట్టింపుతో మిగతావాళ్ళు వాటిని పక్కన పెట్టేవారు. కొత్తగా వచ్చినవాడికి మాత్రం పాట ఆడకపోతే కంప్యూటర్ పాడైనట్టే లెక్క. 2011లో గ్నోమ్ డెస్క్‌టాప్ తన రూపం మొత్తం మార్చేసినప్పుడు మింట్ ఆ దారిన పోలేదు. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఉండే పాత అమరికను సినమన్, మేట్ పేర్లతో నిలబెట్టుకుంది. మింట్ జనాదరణలో సగం ఈ మొండితనం వల్ల వచ్చిందే. డిస్ట్రో తయారీ అనగానే కొత్త హంగులు చేర్చడం అనుకుంటాం. అవతలివాళ్ళు మార్చేసినదాన్ని జనం కోసం మార్చకుండా ఏళ్ళ తరబడి కాపాడటం అంతకంటే ఎక్కువ పని, పేరు తక్కువ వచ్చే పని.

తెలుగులోనూ జరిగింది

ఈ ప్రయత్నం మన దగ్గర మింట్ కంటే ముందే మొదలైంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్‌గా పుట్టి తర్వాత 'స్వేచ్ఛ' అని పేరు మార్చుకున్న హైదరాబాద్ సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. దాని పేరూ స్వేచ్ఛే. తెలుగు తప్ప మరో భాష రానివాళ్ళు కూడా కంప్యూటర్ మొత్తం వాడుకోగలగాలన్నది లక్ష్యం. తర్వాత బడిపిల్లల కోసం 'బాలస్వేచ్ఛ' వచ్చింది. పదో తరగతి దాకా లెక్కలు, సైన్సు, భూగోళం నేర్పే ఆటలు, బొమ్మలు అందులో ఉన్నాయి. సర్కారు బడుల టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఇంజనీరింగ్ విద్యార్థులు తమ కోసం తామే 'ఈ-స్వేచ్ఛ' తయారుచేసుకున్నారు. కాలేజీల్లో గ్లగ్‌లనే లినక్స్ వాడకందార్ల బృందాలు ఏర్పడ్డాయి. ఈ లోపు కేంద్రం తరఫున సీడాక్ అనే సంస్థ 2007 జనవరిలో 'బాస్' విడుదల చేసింది. డెబియన్ మీద కట్టిన ఆ డిస్ట్రోలో తెలుగుతో సహా దేశభాషలన్నిటినీ పట్టించే ప్రయత్నం జరిగింది.

అప్పట్లో తెలుగును తెర మీద సరిగ్గా చూపించడమే పెద్ద పని. తెలుగు 1991లోనే యూనికోడ్‌లోకి చేరినా, అక్షరానికి గుణింతం తగిలించి, వత్తును దాని కింద సరైన చోట కూర్చోబెట్టే ఏర్పాటు ప్రతి సాఫ్ట్‌వేర్‌లో విడిగా జరగాలి. ఇది ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది: ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. లక్షల కోట్ల కంపెనీకే అంత తిప్పలైతే, లైబ్రరీ కంప్యూటర్ల ముందు కూర్చుని పని చేసిన విద్యార్థి బృందాలను ఏమనగలం? అంతకు ముందే సిలికానాంధ్ర అనే సంస్థ విడుదల చేయించిన మండలి, రామభద్ర, గిడుగు, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకునే లైసెన్సుతో అందాయి. ఇప్పుడు ఏ ప్రధాన డిస్ట్రో వేసినా తెలుగు చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. తెలుగు మెనూలు కూడా చాలావరకు ఉన్నాయి. అంటే, స్వేచ్ఛ మొదలైన నాటి సమస్యల్లో సాంకేతికమైనవి దాదాపు తీరిపోయాయి. లినక్స్ షాపులోకి మాత్రం రాలేదు.

> పక్క పెట్టె: టైపింగ్ ఎన్ని రకాలు?
>
> ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అన్ని లినక్స్‌లలోనూ ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ కూడా ఉంది. 2006లో వచ్చిన 'లేఖిని' వెబ్ పేజీతో బ్లాగర్లకు అలవాటైంది ఆ పద్ధతే. డీటీపీ వాళ్ళ చేతివేళ్ళకు మాత్రం 'ఆపిల్' కీబోర్డు వరసే తెలుసు. ఆ వరసలోనే నేరుగా యూనికోడ్ కొట్టే ఏర్పాటు లినక్స్‌లో ఎం17ఎన్ అనే పొట్లంలో దొరుకుతుంది. ఈ సంగతి తెలిసిన డీటీపీ ఆపరేటర్లు బహు అరుదు.

ఎవరికి తేలిక కావాలి?

డిస్ట్రోల గురించి రాసే సమీక్షలన్నీ ఇన్‌స్టాలర్‌తో మొదలవుతాయి. ఎన్ని క్లిక్కుల్లో పూర్తయింది, హార్డ్‌డిస్కును ఎంత బాగా విడగొట్టింది అని. కంప్యూటర్ కొత్తగా వాడేవాళ్ళలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను తమ చేత్తో వేసుకునేవాళ్ళు ఎందరు? విండోస్ వాడే కోట్ల మందిలో చాలామంది దాన్ని తమ చేత్తో వేసి ఉండరు. కొన్నప్పుడే ఉంటుంది, లేదా ఎవరో వేసి ఇస్తారు. ఆండ్రాయిడ్ ఫోను అందుకు సాక్ష్యం. దాని లోపల నడిచేది లినక్స్ కెర్నెలే. వాడరేవులో పడవ దిగి రేటు కనుక్కోవడానికి వాట్సాప్ తెరిచే మనిషి రోజూ లినక్స్ వాడుతున్నట్టే. ఆయనకెవరూ పాఠం చెప్పలేదు. ఫోను కొన్న షాపులో కుర్రాడు సిమ్ వేసి, జీమెయిల్ తెరిచి, వాట్సాప్ ఎక్కించి చేతిలో పెట్టాడు. "ఫోనులో అన్నీ అవుతుంటే ఇంకా కంప్యూటర్ దేనికి?" అనేవాళ్ళు ఈ విషయం మరిచిపోతారు. పైగా ఆ ఫోనులో కానిదేదో ఉంటేనే కదా మనిషి జిరాక్స్ షాపుకు వచ్చేది.

కంప్యూటర్ల చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 2007 చివర్లో ఏసస్ కంపెనీ ఈ-పీసీ అనే చిన్న లాప్‌టాప్‌ను లినక్స్‌తోనే అమ్మింది. జనం ఎగబడి కొన్నారు. మైక్రోసాఫ్ట్ వెంటనే 2008లో అలాంటి చవక లాప్‌టాప్‌ల కోసం విండోస్ ఎక్స్‌పీ గడువు పొడిగించింది. కొద్దికాలంలోనే ఆ మార్కెట్ అంతా విండోస్ వైపు తిరిగింది. మన దేశంలో 2012లో డెల్ 850 స్టోర్లలో ఉబుంటు వేసిన లాప్‌టాప్‌లు అమ్మకానికి పెట్టింది. ధర తక్కువని కొన్నవాళ్ళు ఉన్నారు. ఆ తర్వాత జరిగేది కంప్యూటర్ షాపుల్లో అందరికీ తెలిసిందే: లాప్‌టాప్ నేరుగా తెలిసిన కుర్రాడి దగ్గరకు పోతుంది, ఉబుంటు తుడిచిపెట్టుకుపోతుంది, లైసెన్సు లేని క్రాక్ విండోస్ పడుతుంది. తయారీదారు ముందే వేసి ఇచ్చినా, దగ్గర్లో చూసేవాడు లేకపోతే లినక్స్ వారం నిలవదు.

ఈ మధ్య వస్తున్న లెక్కలను కూడా ఈ వెలుగులోనే చూడాలి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఎందరు వెబ్‌సైట్లు చూస్తున్నారో లెక్కించే స్టాట్‌కౌంటర్, 2024లో ఒక దశలో మన దేశపు డెస్క్‌టాప్‌లలో లినక్స్ వాటా 15 శాతం దాటిందని చూపింది. ప్రపంచ సగటు అప్పుడు నాలుగున్నర శాతం లోపే. నమ్మాలనిపించే అంకె. అయితే బెంగళూరు, హైదరాబాద్ ఐటీ ఆఫీసుల కంప్యూటర్లు, కాలేజీ ల్యాబులు, కేరళ బళ్ళు, కోర్టులు అన్నీ కలిసిన ముద్ద అది. చిలకలూరిపేటలోనో పర్చూరులోనో ఒక నెట్ సెంటర్ మారినట్టు ఆ అంకె చెప్పదు.

"ప్రింటర్ పడాలి"

బాబాయి పెట్టిన షరతు చిన్నది కాదు. ఎల్‌బీపీ 2900 ఇరవై ఏళ్ళ నాటి మోడల్ అయినా, చవక టోనరు, మొండి శరీరం కారణంగా దేశమంతటా జిరాక్స్ షాపులను ఏలుతోంది. అది కానన్ సొంతంగా పెట్టుకున్న క్యాప్ట్ అనే పద్ధతిలో మాట్లాడుతుంది. కానన్ లినక్స్ డ్రైవర్ ఇచ్చింది, కానీ దాన్ని పట్టించడానికి నల్ల తెర మీద కమాండ్ల వరస కొట్టాలి; ఒక్కటి తప్పినా ప్రింటు పడదు, ఎందుకు పడలేదో చెప్పదు. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికీ, ఇప్పుడొచ్చే కొత్త మోడళ్ళకూ ఈ గొడవ లేదు, తగిలించగానే పడతాయి. "ప్రింటర్ మార్చండి" అని వేదిక మీంచి చెప్పడం తేలిక. రోజూ పది రూపాయల ప్రింట్ల మీద బతికే షాపుకు ఆ ప్రింటరే పెట్టుబడి.

రెండో ముడి ఇంకా గట్టిది. పెళ్ళి శుభలేఖ, సంతాప ఫ్లెక్సీ, కరపత్రం ఏది కొట్టినా గుంటూరు, ప్రకాశం ఊళ్ళల్లో అను ఫాంట్లు, పేజ్‌మేకర్. ఆ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చి పాతికేళ్ళవుతోంది. అను యూనికోడ్ కాదు, విండోస్ దాటి రాదు. లినక్స్‌లో దాని పని చేయాల్సిన స్క్రైబస్‌లో తెలుగు వత్తులు సరిగ్గా పడే వెర్షన్ స్థిరమైన విడుదలగా అందింది 2024 జనవరిలో, 1.6 పేరుతో. అంటే నిన్నగాక మొన్న. ఇరవై ఏళ్ళ శుభలేఖల ఫైళ్ళున్న డీటీపీ వ్యక్తిని ఇవాళ లినక్స్‌కు రమ్మనడం అన్యాయం. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి లెక్కలన్నీ టాలీలో ఉంటాయి, అది విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. ఆధార్ వేలిముద్ర పరికరాలతో పాటు ఇచ్చే సాఫ్ట్‌వేర్ కూడా ప్రధానంగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే. లినక్స్ అభిమానులు ఈ మూడింటినీ మెల్లగా దాటవేస్తారు. దాటవేసినందువల్లే షాపు కుర్రాడు వాళ్ళను నమ్మడు. ఒకసారి లినక్స్ వేసి, ప్రింటర్ పడక, మర్నాడు మళ్ళీ వచ్చి ఊరికే ఫార్మాట్ కొట్టి పోవాల్సి వస్తే ఆ పెట్రోలు ఖర్చు అతనిదే.

అయితే ఈ అభ్యంతరాలు కంప్యూటర్లన్నిటికీ వర్తించవు. అను, టాలీ, వేలిముద్ర పరికరం లేని కంప్యూటర్లే లెక్కకు ఎక్కువ: ఇంట్లో పిల్లల చదువుకున్నది, బడి ల్యాబులో ఉన్నది, ఆన్‌లైన్ అప్లికేషన్లకు మాత్రమే వాడే నెట్ సెంటర్‌ది. బ్రౌజరు, ప్రింటరు, స్కానరు, కాస్త ఉత్తరం కొట్టుకోవడం. వాటికి అడ్డు ప్రింటర్ ఒక్కటే, అదీ కొన్ని మోడళ్ళకే. ఒకసారి ఓపిక చేసి డ్రైవర్‌ను ముందే కూర్చి ఇస్తే ఆ అడ్డు తొలగేదే.

నిలిచిన చోట ఎవరున్నారు?

కేరళ పేరు ఎప్పుడూ వస్తుంది. అక్కడ ఐటీ@స్కూల్ కార్యక్రమం ఈ శతాబ్ది మొదట్లోనే మొదలై, 2017లో కైట్ అనే సంస్థగా మారింది. 2019లో ఉబుంటు 18.04 ఆధారంగా తమ కొత్త లినక్స్‌ను రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లలో వేస్తున్నామని, దానితో 3,000 కోట్ల రూపాయలు ఆదా అవుతాయని ప్రకటించింది. కంప్యూటర్‌కు లక్షన్నర రూపాయల సాఫ్ట్‌వేర్ కొనాల్సి వచ్చేదని లెక్క వేస్తేనే ఆ మొత్తం తేలుతుంది. ఏ ప్రభుత్వమూ బడికి అంత పెట్టి కొనదు కాబట్టి ఆదా అంకెను నేను పెద్దగా పట్టించుకోను. పట్టించుకోవాల్సింది వేరే ఉంది. ప్రతి జిల్లాలో మాస్టర్ ట్రైనర్లు ఉన్నారు, పాఠ్యపుస్తకం ఆ లినక్స్ మీదే రాశారు, పరీక్షా దాని మీదే పెట్టారు. 2018లో మొదలైన 'లిటిల్ కైట్స్' బృందాలు రెండు వేలకు పైగా హైస్కూళ్ళలో ఉన్నాయి. ల్యాబులో సిస్టమ్ మొరాయిస్తే చూసే పిల్లలు ఆ బడిలోనే ఉన్నారు.

కేరళ సంగతి వేరు అనేవాళ్ళకు మన ఊరి కోర్టు చూపించొచ్చు. ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద సుప్రీంకోర్టు ఈ-కమిటీ దేశమంతటా జిల్లా, తాలూకా కోర్టులకు తమ అవసరాలకు తగ్గట్టు మార్చిన ఉబుంటును ఇచ్చింది. జడ్జీల లాప్‌టాప్‌లకూ అదే. వాయిదా తేదీ నమోదయ్యే సీఐఎస్ సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద కట్టింది. యాభై దాటిన బెంచి క్లర్కులు ఉబుంటు మీద పని నేర్చుకున్నారు. వాళ్ళంతా కంప్యూటర్ ప్రేమికులేం కాదు. ఉబుంటులో శిక్షణ పొందిన మాస్టర్ ట్రైనర్లు, జిల్లా స్థాయిలో సాంకేతిక సిబ్బంది వాళ్ళకు అందుబాటులో ఉన్నారు, అంతే.

జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ కథ దీనికి ఎదురు సాక్ష్యంలా కనిపిస్తుంది. 2003లో నిర్ణయం తీసుకుని, పదేళ్ళలో దాదాపు 15,000 కంప్యూటర్లను తమ సొంత డిస్ట్రో 'లిముక్స్' మీదికి మార్చి, 2017లో తిరిగి విండోస్‌కు పోవాలని కౌన్సిల్ తీర్మానించింది. సిబ్బందీ, డబ్బూ ఉన్న నగరమే వెనక్కి పోతే మనమెంత అంటారు. ఇక్కడ చీరాల వాళ్ళకు చీరాల-పేరాల ఉద్యమం గుర్తుకు రావాలి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలమంది మునిసిపాలిటీ పన్ను కట్టబోమని ఊరు వదిలి రామనగర్ పాకల్లోకి పోయారు. వదలడానికి పట్టుదల చాలింది. ఎండనూ వాననూ తట్టుకుంటూ పదకొండు నెలలు నిలబడటానికి నాయకుడు పక్కన ఉండాలి. ఆయన జైలుకు పోయాక అది కష్టమై చివరికి వెనక్కి వచ్చారు. మ్యూనిక్‌లోనూ నాయకత్వం మారింది, మేయర్ మారాడు, సిబ్బంది ఫిర్యాదులను విని సరిచేసే బాధ్యత ఎవరిదో తేలలేదు. అక్కడ ఓడింది సాఫ్ట్‌వేర్ అని నేననుకోను.

స్వేచ్ఛ ఉద్యమం విషయంలోనూ ఇదే చిక్కు ఉండి ఉంటుందని నా అంచనా. ఇంజనీరింగ్ విద్యార్థి ఉత్సాహం గొప్పది, నాలుగేళ్ళలో డిగ్రీతో పాటు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత స్వేచ్ఛ దృష్టి తెలుగు కృత్రిమ మేధ వైపు మళ్ళింది. 'చందమామ కథలు' అనే చిన్న భాషా నమూనా ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఓజోన్‌టెల్ కంపెనీలతో కలిసి వాళ్ళు చేసిందే. అది మంచి పనే. కానీ ఊళ్ళో డెస్క్‌టాప్ మీద మిగిలిన పని మిగిలే ఉంది.

> పక్క పెట్టె: వేయించే ముందు
>
> మింట్ ఐఎస్ఓ ఫైలును బూట్ అయ్యేలా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, హార్డ్‌డిస్కు జోలికి పోకుండా దాని నుంచే కంప్యూటర్ నడిపి చూడొచ్చు. వైఫై, సౌండు, ప్రింటరు, స్కానరు నాలుగూ పనిచేస్తేనే వేయించండి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌కు సినమన్ కంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తేలిక. ఫైళ్ళన్నీ ముందు బయట డిస్కులో భద్రం చేసుకోవాలి. ఫార్మాట్ కొట్టాక ఏడ్చి లాభం లేదు.

కుర్రాడికి ఏం మిగులుతుంది?

ఇక్కడే అసలు అభ్యంతరం. "విండోస్ కూడా ఊరికే వస్తుంది కదన్నా" అంటాడు షాపులో కుర్రాడు, క్రాక్‌ను దృష్టిలో పెట్టుకుని. పైగా వైరస్ పట్టి, ఆరు నెలలకోసారి సిస్టమ్ స్లో అయి, ఫార్మాట్ కొట్టించుకోవడానికి మళ్ళీ పిలవడమే అతని జీవనాధారం. చెడిపోనిది వేస్తే అతని నోట్లో మట్టి. ఉచితం, స్వేచ్ఛ, భద్రత అని ఎంత చెప్పినా ఈ లెక్క ముందు నిలవదు. కాబట్టి లెక్కే మార్చి చూపాలి. పదేళ్ళ నాటి కంప్యూటర్‌లో తిరిగే డిస్కు తీసేసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి, దానిపై మింట్ ఎక్కిస్తే యజమాని కళ్ళతో తేడా చూస్తాడు. ఎస్‌ఎస్‌డీ మీద కమీషను, మార్చిన కూలీ, ఏడాదికింత అని చూసుకునే ఒప్పందం కలిపితే రెండు ఫార్మాట్ల కంటే తక్కువేం మిగలదు. కొత్త కంప్యూటర్ కొనలేని ఇంటివాళ్ళు అతన్నే మెచ్చుకుంటారు.

క్రాక్ వల్ల నష్టం ఎవరికో కూడా అతనికి చూపించాలి. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే వందల కొద్దీ ఈ-ఆధార్ పీడీఎఫ్‌లు కనిపిస్తాయి. వాటి పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం అని అందరికీ తెలుసు. బ్యాంకు పాసుపుస్తకాల స్కాన్లు, పట్టాదారు పుస్తకాలు, సర్టిఫికెట్లు అన్నీ అక్కడే. అప్‌డేట్లు ఆగిన, క్రాక్‌తో పాటు ఇంకేం వచ్చిందో తెలియని సిస్టమ్ మీద ఊరి కాగితాలన్నీ తెరిచి పెట్టినట్టే. లినక్స్ వేసినంత మాత్రాన ఆ ఫైళ్ళు వాటంతటవి చెరిగిపోవు. మింట్‌లో గెస్ట్ సెషన్ తెరిచే వీలుంది. అందులో పని చేసి బయటికి వస్తే దింపుకున్నవన్నీ పోతాయి. నెట్ సెంటర్‌కు కావలసిన సౌకర్యం అదే. అది సెట్టింగుల్లో ఎక్కడో మూల దాగి ఉంది, వేసేవాడు తెరిచి పెడితే తప్ప వాడేవాడికి తెలియదు. టైమ్‌షిఫ్ట్ కూడా అంతే. ఏదైనా చెడితే నిన్నటి స్థితికి వెనక్కి తీసుకెళ్ళే ఆ సాఫ్ట్‌వేర్‌ను మింట్ తనలో కలిపేసుకుంది. దూరం నుంచి ఫోనులోనే "అది నొక్కు బాబాయ్" అని చెప్పి సరిచేసే వీలు కుర్రాడికి అలా దొరుకుతుంది, బండి తీయనక్కర్లేదు.

అందుకని మనకు మరో కొత్త తెలుగు డిస్ట్రో అవసరం లేదు. "ఉన్న డిస్ట్రోలే చాలా ఎక్కువ, ఏది ఎంచుకోవాలో తెలియదు" అన్న ఫిర్యాదు న్యాయమైనదే. మింట్ మీదో డెబియన్ మీదో ఆధారపడి, వేసేవాడి చేతికి అందేలా సిద్ధం చేసిన ఒక్క కూర్పు చాలు. అందులో ఎల్‌బీపీ 2900 డ్రైవర్ ముందే కూర్చి ఉండాలి, ఆపిల్ వరస కీబోర్డు తెరవగానే దొరకాలి, గెస్ట్ సెషన్, టైమ్‌షిఫ్ట్ తెరిచి ఉండాలి. మానిటర్ పక్కన అంటించడానికి ఒక పేజీ తెలుగు కాగితం ఉండాలి. దీన్ని తయారుచేయడం పెద్ద కంపెనీల పని కాదు. వాడరేవు నుంచి పిడుగురాళ్ళ దాకా పోయే జాతీయ రహదారి మీద చీరాల, పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేట వరసగా తగులుతాయి. దాని చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అంటూ ఏటా ఎవరో చేసిన లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌నే మళ్ళీ చేసే బదులు ఒక బృందం ఈ ప్రింటర్ డ్రైవర్ మీద కూర్చోవచ్చు. విద్యార్థులు వెళ్ళిపోయినా షాపు కుర్రాడు ఊళ్ళోనే ఉంటాడు, కాబట్టి పని అతని చేతిలో పెట్టి పోవాలి. ఫలానా మోడల్ పడలేదని అతను వాట్సాప్‌లో పంపే ఫొటోనే మరుసటి బృందానికి పని అవుతుంది.

మైక్రోసాఫ్ట్ విండోస్ 10 వ్యక్తిగత వాడకందార్లకు ఇచ్చిన అదనపు అప్‌డేట్ల ఏర్పాటు 2026 అక్టోబర్ 13తో ముగుస్తుంది. ఆ లోపు లినక్స్ వైపు మొదట కదపాల్సినవి ఇంటి కంప్యూటర్లు, బడి ల్యాబులు, అప్లికేషన్లు మాత్రమే పెట్టే నెట్ సెంటర్లు. వేలిముద్ర పరికరం తగిలించిన కంప్యూటర్, టాలీ ఉన్నది, అను ఫాంట్లలో శుభలేఖలు దాచుకున్నది ఉన్న చోటనే ఉండనివ్వాలి. లైసెన్సు ఉన్న విండోస్ అయితే అదనపు అప్‌డేట్లకు నమోదు చేయించాలి. శుభలేఖల కంప్యూటర్‌నైతే నెట్ పీకేసి, పెన్‌డ్రైవ్‌తోనే పని నడుపుకోవడం మేలు.